సింకు కింద బకెట్టు

అడ్రసు చూడగానే ప్లంబరుకి నీరసం వచ్చేసింది.

"సార్, ఈ ఇంటికి ఇంకెవరినైనా పంపండి," అని సూపర్‌వైజరుని ఫోన్లో బతిమాలాడు.

"ఏం, నువ్వెళితే అరిగిపోతావా?"

"ఆవిడ సంగతి మీకు తెలీదు సార్. ఎంత చేసినా ఏదో ఒక వంక పెడుతుంది."

"ఆవిడ నిన్నే పంపమంది. పేరు పెట్టి మరీ అడిగింది. పనులు సగంలో వదిలేసి పోతావని నీ మీద ఇప్పటికే బోలెడు కంప్లైంట్లు. ఈవిడ కూడా బాగోలేదందంటే, ఇక రేపట్నుంచి నువ్వు డ్యూటీకి రానక్కర్లేదు."

ప్లంబరు అసలు కారణం చెప్పబోయి, సిగ్గేసి ఊరుకున్నాడు.

సూపర్‌వైజరు కొత్తగా వచ్చినవాడు. ఉత్సాహం ఎక్కువ. అక్కడితో వదల్లేదు. ఫోన్ కట్ చెయ్యకుండా స్పీకరు పెట్టి జేబులో వేసుకోమన్నాడు. కస్టమరుతో ఎలా మాట్లాడతాడో తను వినాలిట.

ప్లంబరు వెళ్ళి బెల్లు కొట్టాడు. ఇంటావిడ తలుపు తీసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"వచ్చారా? ఎన్నాళ్ళకి దయ కలిగింది!"

"నమస్కారం మేడమ్," అన్నాడు ప్లంబరు, జేబు వైపు బెదురుగా చూస్తూ.

ఆ మాట విని, జేబులోంచి తొంగిచూస్తున్న ఫోన్ చూసేసరికి ఆవిడ మొహంలోకి ఎక్కడలేని కళ వచ్చింది.

"చెప్పులు బయట విడవండి. ఇప్పుడే తుడిచి చచ్చాను."

హాల్లో కుర్చీలో ఓ పెద్దావిడ కూర్చుని ఉంది. ప్లంబరుని చూసి జాలిపడింది. "ఎండన పడి వచ్చాడు అబ్బాయి. కాసిని మంచినీళ్ళియ్యవే ముందు."

"ఇస్తానత్తయ్యా. పని కానివ్వండి."

ఇల్లు పాతది. గోడల్లో ఉన్నవన్నీ తుప్పు పట్టిన ఇనుప గొట్టాలు. వంటింట్లో సింకు మాత్రం కొత్తది, తళతళలాడే స్టీలుది. దాని ప్లాస్టిక్ పైపు కిందికి దిగి గోడలోని పాత గొట్టంలో కలుస్తుంది. ఆ కలిసేచోటే పేచీ. రెండింటికీ కొలత కుదరక, మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించి ఉంది. అందులోంచి కారే నీళ్ళ కోసం కింద ఓ బకెట్టు. సింకులో నీళ్ళేమో పోనే పోమంటున్నాయి.

"ఈ ట్యూబు ఎవరు చుట్టారంటారు?" అంది ఇంటావిడ, జేబుకి బాగా వినపడేలా.

ప్లంబరు ట్యూబు ముక్కని తడిమి చూశాడు. "అప్పటికప్పుడు ఎలాగో సర్దినట్టున్నారు మేడమ్."

"సర్దాడు. రేపు మారుస్తానన్నాడు ఆ మహానుభావుడు. రేపు రేపంటూ వానాకాలం దాటించాడు. ఈ బకెట్టు మోసి మోసి నా నడుం పడిపోయింది. ఊళ్ళోవాళ్ళు పిలిస్తే మాత్రం పరిగెత్తుకుంటూ వెళ్తాడు!"

"ఛీ, ఇలాంటివాళ్ళ వల్లే మా కంపెనీకి చెడ్డపేరు," అంది జేబు. "మేడమ్‌కి సారీ చెప్పవయ్యా!"

"నేనా సార్?"

"చెప్పు!"

"సారీ మేడమ్."

"వినపడలేదు," అంది ఇంటావిడ.

"సారీ మేడమ్!"

హాల్లో పెద్దావిడ ముక్కు మీద వేలేసుకుంది.

ప్లంబరు వంగి సింకు కింద దూరాడు. తల బయటికి పెట్టి ఆఖరి ప్రయత్నం చేశాడు. "ఇక్కడికి వేరే జాయింటు కావాలి మేడమ్. రేపు షాపులో కనుక్కుని..."

"మీ సంచీలో ఉందేమో చూడండి. అడుగున."

ఉంది. కవరు కూడా విప్పని కొత్త జాయింటు. ప్లంబరు ఆవిడ వైపు గుర్రుగా చూశాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ఇక తప్పదు. ట్యూబు కోసి పారేశాడు. పైపు విప్పగానే మురుగు భళ్ళున ఒంటి మీద పడింది. జేబు వింటోంది కాబట్టి నోట్లోంచి రావాల్సిన మాట మింగేశాడు. గొట్టంలోకి పొడుగాటి స్ప్రింగు తీగ దూర్చి, తిప్పి తిప్పి లాగాడు. నల్లటి జిడ్డు ముద్దలు ముద్దలుగా వచ్చింది. దాంతోపాటు ఓ చెంచా కూడా.

కొత్త జాయింటు బిగించి కుళాయి తిప్పాడు. నీళ్ళు గిర్రున సుడి తిరుగుతూ దిగిపోయాయి. బకెట్టులో చుక్క పడలేదు. ఇంటావిడ ఆ సింకుని చాలాసేపు చూస్తూ నిలబడింది. ఆవిడకి ఒళ్ళు మండింది, సంతోషమూ వేసింది.

"ఇంతేనా పని!" అంది.

"మేడమ్, మావాడి పని ఎలా ఉందంటారు?" అంది జేబు.

ప్లంబరు ఆవిడ వైపు తిరిగాడు. ఉద్యోగం ఆవిడ నోట్లో ఉంది. రెండు చేతులూ జోడించి, మాట పైకి రాకుండా కళ్ళతోనే బతిమాలాడు. ఆవిడ తాపీగా తువ్వాలుతో చేతులు తుడుచుకుంది.

"పని బంగారం. మనిషినే కాస్త అదిలించాలి."

"ఉద్యోగంలో ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

"ఉంచండి పాపం, సంసారం ఉన్న మనిషి. అన్నట్టు, మా బాత్రూంలో కుళాయి కూడా కారుతోంది. దానికీ ఈయన్నే పంపండి."

"తప్పకుండా మేడమ్!"

ప్లంబరు నెత్తి కొట్టుకుంటూ వెళ్ళి సబ్బుతో కాళ్ళూ చేతులూ కడుక్కున్నాడు. జేబులోంచి ఫోన్ బయటికి తీశాడు.

"శభాష్! కస్టమరంటే అలా మెచ్చుకోవాలి," అన్నాడు సూపర్‌వైజరు. "ఈ పూటకి నీకు వేరే పనేం చెప్పను. హాయిగా ఇంటికెళ్ళి భోంచెయ్."

"మీరు పొద్దున పంపించింది మా ఇంటికే సార్," అన్నాడు ప్లంబరు, పెళ్ళాం చేతిలోని కంచం అందుకుంటూ.