పదిహేడో సీసా

దూది మూత తీసి, పదిహేడో సీసాలోకి ఒక ఆడ ఈగను వదిలింది రూత్. పండ్ల మీద ముసిరే చిన్న ఈగలవి. లోపలున్న రెండు మగ ఈగలూ దాన్ని కన్నెత్తి చూడలేదు. ఒకటి రెండోదాని వెంటపడి, రెక్క చాచి ఆడించడం మొదలెట్టింది. ఈగల సరసం అదే.

"మళ్ళ గట్లనే," అన్నాడు శివయ్య.

శేరిగూడ కాలేజీలో రూత్ పరిశోధన చేస్తోంది. శివయ్య అటెండరు. మక్కపిండి, బెల్లం ఉడికించి ఈగలకు మేత వండుతాడు. పన్నెండేళ్ళుగా ఏ ఈగా వంక పెట్టలేదు. ఈమధ్య మాత్రం వంటయ్యాక ఇంటికి పోకుండా ఈ సీసా ముందే నిలబడుతున్నాడు.

వచ్చే బుధవారం ఆయన కొడుకు దివాకర్ పెళ్ళి. పొద్దున్నే పసుపు పెట్టిన శుభలేఖ రూత్ చేతికిచ్చాడు. ముఖంలో పెళ్ళి కళ మాత్రం లేదు.

"ఎందుకట్ల జేస్తది బిడ్డా?"

"ఒక్క జన్యువు మారింది కాకా. పుట్టుకతోనే గంతే."

"ఆడీగతోని ఒక్క సీసల ఉంచితే మారదా?"

"మారదు."

"పిల్లలు పుడితే?"

"కొన్నింటికి పుడ్తయి. అయినా పానం అటే గుంజుతది."

"మనుషులకు మందేమన్న ఉన్నదా?"

"మనుషులది ఒక్క జన్యువుతోని తేలే ముచ్చట కాదు. రోగమైతే కద, మందుండేది?"

అప్పుడు తట్టింది రూత్‌కు. శుభలేఖ మళ్ళీ చూసింది. పెళ్ళికూతురు మనోజ, మహేశ్వరం పిల్ల. పాపం, ఎన్ని ఆశలు పెట్టుకుందో!

"వెయ్యి అబద్ధాలాడి ఒక పెండ్లి చెయ్యమన్నరని చేస్తవా కాకా? దివాకర్‌ను జబర్దస్తీ చెయ్యకు. గా పిల్ల బతుకు ఆగమైతది. లగ్గం ఆపు."

శివయ్య బిత్తరపోయి చూశాడు.

"తప్పు ఎవ్వరిదీ కాదు. దాచిపెడితే మాత్రం ఇద్దరూ ఏడుస్తరు."

"అవ్, ఏడుస్తరు," అన్నాడు మెల్లగా. "ఏడ్సుకుంటనే బతుకుతరు."

స్టూలు మీద కూలబడ్డాడు. రూత్ మంచినీళ్ళిచ్చింది. ఆయన తాగలేదు.

"పోనీ, సత్తమ్మ చిన్నమ్మకు నేను చెప్పాల్నా?"

భార్య పేరు వినగానే శివయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మా వోని సంగతి కాదు బిడ్డా, నా లగ్గమై ముప్పై ఏండ్లాయె, గామెకు నేనిప్పుడు ఏమని చెప్పాలె?"