గొల్లకావడి కింది ఎరుపు

"చేతబడి చేసేటోడివి కాకపోతె, గీ చలిల, పత్తి చేన్ల, నెత్తికి ఎర్రలైటు కట్టుకోని ఏం పని రా నీకు?"

గల్లా పట్టి నూకిండు పాండు. నాగేష్ పోయి పత్తి కుప్ప మీద పడ్డడు. తెల్లారుజామున కెమెరా, స్టాండు సదురుకుంటుంటె మాడుగులపల్లి అవతలి ఈ ఊరోళ్లకు దొరికిండు పాపం. గుంజుకొచ్చి సోమయ్య ఇంట్ల, పత్తి పోసిన అర్రల పడేసిన్రు. గుమ్మం నిండ జనం, చేతులల్ల కట్టెలు. పాండు బర్రె మొన్ననే సచ్చిపోయె, ఇగ ఊకుంటరా!

"అన్నా, మిర్యాలగూడల ఫొటో స్టూడియో నాది. పెండ్లి ఆల్బమ్‌లు చేస్త. ఇష్టం కొద్ది సుక్కల ఫొటోలు తీస్త. తెల్లలైటు పెడితె మల్ల చీకట్ల కండ్లు ఆనయి, అందుకే ఎర్రది."

"ఏదీ, సూపియ్" అన్నడు సోమయ్య. ఊరి పెద్దమనిషి. ఆయన మాటకు ఎదురు లేదు.

నాగేష్ సంచిలకెళ్లి ల్యాప్‌టాప్ తీసి తెరిచిండు. ఫొటో బొగ్గు లెక్క నల్లగున్నది.

"ఏడున్నయ్ రా సుక్కలు? మేం పిచ్చోళ్ల లెక్క కనపడుతున్నమా?" పాండు కట్టె లేపిండు.

"ఒక్క ఫొటోల ఏం కనపడదన్నా! ఒక్క జాగనే మస్తు తీసి, అన్ని ఒకదాని మీద ఒకటి కలిపితెనే లోపలున్నది బయటికొస్తది. జరాగు, నీ కాల్మొక్త!"

బటన్ నొక్కిండు. సాఫ్ట్‌వేర్ నింపాదిగ ఫొటోలు కలుపుకుంట పోతున్నది. బ్యాటరీ సూస్తె అడుగంటింది. నాగేష్‌కు పై ప్రాణాలు పైనే పోతున్నయి. ఇప్పుడు ల్యాప్‌టాప్ బందైతె తన పని గూడ ఖతమే.

కలిసినయి. వెలుతురు పెంచె స్లైడర్‌ను మెల్లగ జరిపిండు. నలుపుల నుంచి ఎరుపు పొడిసింది.

"ఓయమ్మో, నెత్తురు!" పాండు పెండ్లాం నవనీత ఎనకకు దుంకింది.

"నెత్తురు కాదక్కా! గొల్లకావడి తెలుసు గద, మూడు సుక్కలు? దాని కింద ఉండె మబ్బు గిది." గబగబ ఇంకింత జరిపిండు. ఎరుపు సుట్టు నీలం పరుసుకున్నది. నడుమ సుక్కలు తెల్లగ మెరిసినయి.

నవనీత ముందుకొచ్చి వంగి సూసింది.

"అవ్వ! పిట్ట రెక్కలిప్పినట్టే ఉన్నది. మా నాయిన సూపెట్టేటోడు గొల్లకావడిని."

పాండు కట్టె దించిండు. "ముందుగాలనే చెప్పొద్దా తమ్మీ? దీన్ని నా ఫోన్ల ఎక్కియ్యరాదు!"

అందరు నవ్విన్రు. నాగేష్‌కు మాత్రం ఏడుపొచ్చింది. బతికిపోయిన దేవుడా అనుకున్నడు.

"ఇగ నడువుండ్రి. పొద్దెక్కుతున్నది, పత్తేరబోవద్దా?" సోమయ్య అందరిని ఎల్లగొట్టిండు. "నువ్వుండు బిడ్డా. చాయ్ తాగి పోదువు."

అందరు పోయినంక తలుపేసి గొళ్లెం పెట్టిండు. వచ్చి నాగేష్ పక్కన గొంతుక్కూసున్నడు. ల్యాప్‌టాప్ దిక్కు సూడనే లేదు.

"వాళ్లు నమ్మిన్రు తియ్. నువ్వేం జేస్తవో నాకెరుకనే." అంగి జేబుల నుంచి ఓ ఫొటో తీసి నాగేష్ చేతుల పెట్టిండు. "మా అన్న. వచ్చే అమాస దాటొద్దు."