దిండ్ల గుట్ట

“అమ్మా, ఒక బిందెడు నీళ్లు పోస్తారా?”

వాకిట్లో నిలబడ్డ పెద్దాయన్ని సుంకవ్వ కింది నుంచి పైదాకా చూసింది. అరవై దాటిన మనిషి. నెత్తిన టోపీ, ఒక చేతిలో ఖాళీ డబ్బా, ఇంకో చేతిలో రాతికి చిల్లు పెట్టే చిన్న మిషను.

“తాగనీకెనా, మిషనుకా?”

“మిషనుకేనమ్మా. నీళ్లు పోయకపోతే వేడెక్కిపోతుంది, రాతిలో దిగదు.”

“గుట్టను కోసే మిషనుకు మా ఇంట్ల సుక్క నీళ్లు లెవ్వు. పో సారూ.”

మస్కి దగ్గరి ఆ ఊళ్లో అడిగినవాడికి నీళ్లు లేవనడం పెద్ద తప్పు. పగవాడికైనా చెంబు అందించాకే తిట్లు మొదలుపెడతారు. ఆ సంగతి సుంకవ్వకు తెలియక కాదు. దిండ్ల గుట్ట మీద కంకర కొట్టే క్రషర్ పడుతుందని రెండు నెలలుగా ఊరంతా ఒకటే మాట. పడిందా, గుట్ట కిందే ఉన్న ఆమె ఇల్లు ఆ పేలుళ్లకు నిలవదు. పత్తిచేను దుమ్ము పాలవుతుంది. ఇలాంటప్పుడు మిషను పట్టుకొచ్చినవాడు క్రషర్ మనిషి కాక ఇంకెవరవుతాడు?

పెద్దాయన వెనుదిరిగాడు. మైలు దూరంలోని వాగుకు పోయి తనే నీళ్లు మోసుకొచ్చుకున్నాడు.

మర్నాడు సుంకవ్వ మొగుడు హనుమప్ప గుట్ట దారికి అడ్డంగా ముళ్లకంప వేశాడు. పెద్దాయన చుట్టూ తిరిగి ఎక్కాడు.

మూడో రోజు ఇక లాభం లేదని సుంకవ్వే కొంగు బిగించి గుట్టెక్కింది.

ఆయన మిషనుతో చిల్లు పెట్టి రాతిలోంచి వేలెడు రాతికడ్డీ ఒకటి తీయబోతున్నాడు. తీసే ముందు ఎండకు పడే నీడను చూసుకుంటూ దాని మీద ఒక గీత గీశాడు.

“ఏంది ఆ గీత?”

“దిక్కు గుర్తమ్మా. రాయి ఎటు తిరిగి ఉందో తెలియాలిగా.”

జేబులోంచి దిక్సూచి తీసి చూపించాడు. రాయి దగ్గర పెట్టగానే ముల్లు గిర్రున తిరిగి ఉత్తరం వదిలేసి పడమర చూపింది.

“ఇక్కడ ఈ ముల్లు అబద్ధం చెబుతుందమ్మా. రాతిలోనే అయస్కాంతం ఉంది. అందుకే ఎండను నమ్ముకున్నాను.”

“అంటే లోపల బంగారమున్నదా?”

“బంగారం కాదు. ఒకప్పుడు సముద్రం అడుగున పొంగిన లావా ఇది. నీళ్లు తగిలి ఇలా దిండ్లలా గుండ్రంగా గడ్డకట్టింది. చల్లారేటప్పుడు, ఆనాడు ఉత్తరం ఎటుందో ఆ దిక్కును తనలో దాచుకుంటుంది. రెండొందల డెబ్బై కోట్ల ఏళ్లయిందమ్మా. ఆ గుర్తు కాస్తయినా మిగిలుందేమో చూడాలి.”

సుంకవ్వకు కోపంలోనూ నవ్వొచ్చింది.

“తాగనీకె నీళ్లు లేని ఊర్ల సముద్రమంట! ఎవ్వలకు చెప్తవు సారూ గిట్ల కతలు? రాయి గట్టిగున్నదా లేదా చూసుకపోనీకె వచ్చినవ్. మమ్మల్ని పరేషాన్ చెయ్యకు. పో, మల్ల కనవడకు.”

పెద్దాయన ఆమెను చూశాడు. కింద ఆమె ఇంటిని చూశాడు. కడ్డీలు సంచిలో సర్దుకుని దిగిపోయాడు.

మళ్లీ రాలేదు. పీడ విరగడైందని ఊరు సంతోషించింది.

ఐదు నెలలకు లింగసుగూరు నుంచి గనుల శాఖ ఆఫీసరు శరణప్ప వచ్చాడు. సంచిలోంచి కాగితం తీశాడు. సుంకవ్వ వాకిట్లోకి వచ్చింది.

“క్రషర్ రాదవ్వా. ఆ అర్జీ రద్దయింది. ఈ గుట్టను ఎవ్వరూ పగలగొట్టొద్దని పెద్ద రిపోర్టు కూడా వచ్చింది.”

“మా ఇల్లు ఉంటదా సాబ్?”

“ఉంటదవ్వా.”

సుంకవ్వ అరుగు మీద కూలబడింది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

“ఎవ్వలు సాబ్ ఆ రిపోర్టు రాసింది?”

“చంద్రమోహన్ సారని, కాలువ కింద ఆంధ్రోళ్ల క్యాంపుల ఉంటరు. కాలేజీల రాళ్ల చదువు చెప్పి రిటైరైండు. మిషను పట్టుకొని మీ గుట్ట మీదికి వచ్చిండంట గదా?”

హనుమప్ప తల దించుకున్నాడు. సుంకవ్వ అరుగు మీంచి లేచింది.

“బిందెడు నీళ్లియ్యలే సాబ్ నేను. ఒక్కపారి ఆయనకు ఫోను కలుపు.”

శరణప్ప కలిపి ఇచ్చాడు.

“సారూ, గుట్ట కింది సుంకవ్వను. తప్పయింది, మనసుల పెట్టుకోకు. నీ దయతోనే మా ఇల్లు నిలవడ్డది. నీ కడుపు సల్లగుండ.”

“అయ్యో, అంత మాటెందుకమ్మా? ఆ గుట్టను కాపాడుకున్నది మీరే. పత్తి ఎలా ఉంది ఈ ఏడు?”

“మంచిగున్నది సారూ. నువ్వు మా ఇంటికి రావాలె. జొన్నరొట్టె, పుంటికూర చేసి పెడత.”

“తప్పకుండా వస్తానమ్మా.”

ఫోను తిరిగిచ్చి సుంకవ్వ కళ్లు తుడుచుకుంది. ఆ మనిషి గొంతు విన్నాక ప్రాణం తేలికపడింది. అప్పుడు గుర్తొచ్చి అడిగింది.

“అసువంటి మనిషిని పట్టుకొని క్రషరోడంటిమి. మరి ఆ అసలు క్రషరోడు ఊకున్నడా సాబ్? అర్జీ పోగొట్టిండని సారు మీదికి లొల్లికి పోలేదా?”

శరణప్ప కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

“ఎవ్వల మీదికి పోతడవ్వా? క్రషర్ పెడతనని అర్జీ ఇచ్చి, మల్ల వాపసు తీసుకున్నది గూడ ఆ సారే.”