మిగిలిన మాట

పక్షవాతం మాస్టారి కుడిచేతినీ, తెలుగునీ ఒకేసారి పట్టుకుపోయింది. చైనా భాషను మాత్రం వదిలేసింది.

“అమ్మ నేర్పింది పోయి, అరువు తెచ్చుకున్నది మిగలడమేమిటండీ?” అని భార్య అడిగింది.

“ఒక్కోసారి అంతేనమ్మా” అన్నాడు డాక్టరు. “మనుషుల్ని గుర్తుపడుతున్నారో లేదో కూడా ఇప్పుడే చెప్పలేం.”

ఆమెకు కావలసింది ఆ ఒక్కటే. తనెవరో ఆయనకు తెలుసా?

రోజూ సాయంత్రం చైనా పండితుడు వస్తాడు. ఒకప్పుడు మాస్టారి దగ్గర సంస్కృతం, వంటింటి గుమ్మంలో ఆమె దగ్గర తెలుగు నేర్చుకున్నవాడు. మాస్టారూ అతనూ కలిసి ఒక తర్కగ్రంథాన్ని తిరిగి సంస్కృతంలోకి తెస్తున్నారు. మూలం ఎప్పుడో పోయింది. చైనా అనువాదమే మిగిలింది.

అతను మంచం పక్కన కాగితాలు పరుస్తాడు. చివరి అధ్యాయం ఎప్పుడు మొదలుపెడదామని తన భాషలో మెల్లగా అడుగుతాడు. మాస్టారు వంకరపోయిన పెదవులతో ఏదో గొణుగుతారు. చివర్న కళ్లు మూసుకుని, “బుజీ... బుజీ” అంటారు.

“ఆఁ, వస్తున్నా!” ఆమె గరిటె అక్కడే పడేసి పరుగెత్తుకొస్తుంది. బుజ్జి అన్నది పెళ్లయిన కొత్తలో ఆయన ఆమెకు పెట్టిన పేరు. మనవలు పుట్టినా మానలేదు.

“చూశావా తమ్ముడూ? నువ్వొచ్చినప్పుడే పిలుస్తారు. నీ ఎదుట నన్ను పరుగులు పెట్టించడం ఆయనకో సరదా!”

“అవును అక్కగారూ” అంటాడతను, కాగితాలు సర్దుకుంటూ.

ఆమె దిండు సరిచేస్తుంది. తడిగుడ్డతో ఆయన నోరు తుడుస్తుంది. ఆయన చూపు కిటికీ మీదే ఉంటుంది. అయినా ఆ పూట ఆమె కడుపునిండా తింటుంది.

ఒకరోజు గుమ్మందాకా వచ్చి అడిగింది. “నిజం చెప్పు తమ్ముడూ. బుజ్జీ అని పిలవడం కాక, మీ భాషలో నా గురించి ఇంకేమైనా అంటారా?”

అతను వంగి చెప్పు కోసం చాలాసేపు వెతికాడు. అది కాలికే ఉంది.

“అక్కగారూ, మా పాతకాలపు అనువాదకులకు ఒక నియమం ఉండేది. కొన్ని మాటల్ని అనువదించకూడదు. శబ్దాన్ని అలాగే ఉంచెయ్యాలి.”

“అంటే?”

“అంటే... ఆ పిలుపు చాలు.”

ఆమె కళ్లొత్తుకుని నవ్వింది. “రేపు డాక్టరుకి చెబుతా, నన్ను గుర్తుపట్టారని.”

అతను తలూపి మెట్లు దిగాడు.

తమ భాషలో “బూ జీ” అంటే “తొందరేం లేదు” అని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.