నూరో మనిషి

"మా నాన్నకి ఒళ్ళు వెచ్చగా ఉందండీ, నర్సమ్మగారూ. రాత్రంతా ఒకటే ఏడుపు," అన్నాడు ఫోన్లో కొత్త మనిషి.

నర్సమ్మ ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. మొన్ననే పాల ఫారంలో పనికి దిగిన కుటుంబం అది. ఆవిడ వాళ్ళనింకా చూడనేలేదు. ఎంతమందని ఊరి లెక్కలు రాసే గుమాస్తా అడిగితే, "నేనూ, మా ఆవిడా, నాన్నా" అన్నాడట. ఆ ముగ్గురితో ఊరి జనం సరిగ్గా నూరు. నూరుకి ఒక్క తల తగ్గినా ఆరోగ్య కేంద్రం ఎత్తేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. తలలు లెక్కపెట్టే అధికారి ఈ మధ్యాహ్నమే దిగుతున్నాడు.

వయసులో ఉన్నవాళ్ళంతా పనులు వెతుక్కుంటూ ఎప్పుడో పట్నం చేరారు. మిగిలినవాళ్ళలో నర్సమ్మే కుర్రపిల్ల కింద జమ, యాభై ఆరేళ్ళకి! కేంద్రం పోతే ఈ మోకాళ్ళ నొప్పుల వాళ్ళంతా ఒక్క సూదిమందు కోసం ఇరవై మైళ్ళు పడుతూ లేస్తూ పోవాలి.

"లేచి నిలబడుతున్నాడా?"

"ఎక్కడండీ! మంచం మీదే."

"పక్క తడుపుతున్నాడా?"

"అది రోజూ ఉన్నదే కదండీ."

"మాట?"

"మాటెక్కడిది? మూలుగుడే. పాలు కూడా ముట్టడం లేదు. మా ఆవిణ్ణి తప్ప ఎవర్నీ దగ్గరికి రానివ్వడు."

ఆ కోడలెవరో గానీ ఎంత సేవ చేస్తోందో పాపం, అనుకుంది నర్సమ్మ.

"కంగారుపడకు బాబూ, వచ్చేస్తున్నా."

బీపీ మిషనూ, షుగరు చూసే డబ్బా సంచిలో కుక్కుకుని బయల్దేరింది. కబురు తెలిసి, చక్రాల కుర్చీ తోసుకుంటూ గుమాస్తా వెనకే పరుగు. పరుగంటే ఏం పరుగు, డెబ్బై ఏళ్ళ మనిషి పరుగు.

"అధికారి వచ్చి వెళ్ళేదాకా ఒక్క పూట ఆగలేకపోయాడా ఆ ముసలాయన!" అన్నాడు రొప్పుతూ.

"ఊరుకో అన్నయ్యా! అవేం మాటలు?" అని కసిరింది గానీ, తన మనసులోనూ అదే మాట మెదిలినందుకు నర్సమ్మకి సిగ్గేసింది.

ఫారం వెనక గది. ఫోన్ చేసినవాడే తలుపు తీశాడు. నర్సమ్మ అతన్ని తోసుకుని మంచం దగ్గరికి వెళ్ళి దుప్పటి తొలగించింది. నుదురు తాకింది. నాడి చూసింది. నోట్లో వేలు పెట్టి చిగుళ్ళు తడిమింది. ఉన్నట్టుండి నేల మీద చతికిలబడి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఏమైందమ్మా? ఉన్నాడా, పోయాడా?" గుమ్మం బయటనుంచి గుమాస్తా కేక.

"నిక్షేపంలా ఉన్నాడు అన్నయ్యా! నూరుకి నూరుమందిమీ ఉన్నాం. రానీ ఆ అధికారిని!"

"హమ్మయ్య! మరి జబ్బేంటి?"

నర్సమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నాన్నగారికి మొదటి పన్ను వస్తోంది."