చాలన్నాక ఇంకొకటి

హైమావతమ్మగారి దోసెల మిషన్ పొద్దుటినుంచి అన్నీ మాడుస్తోంది. తొమ్మిదింటికి ముప్పైమంది పెళ్లివారు దిగుతారు. ఏ వంటింటి మిషన్‌లో తప్పున్నా ఇట్టే పట్టేసే నా డీబగ్గర్ ప్రోగ్రాంకు దీనిలోని కొత్తరకం చిప్ వరస అంతుపట్టలేదు. తప్పు వెతకడానికి చిప్ పనిని ఎక్కడ ఆపమన్నా ఒక అడుగు దాటాకే ఆపుతోంది.

"ముందు నువ్వు తినమ్మాయ్," అంటూ ఆవిడ అటక మీది పాత పెనం దింపి, చేత్తో పోసిన దోసె వడ్డించారు.

"చాలండి," అన్నాను. ఇంకొకటి పడింది.

"నువ్వు చాలనేసరికే అది పెనం మీదుంది. పారేస్తామా?"

నా బుర్ర వెలిగింది. ఈ చిప్ కూడా అంతే! ఆగమనేసరికే తర్వాతి పనిని పెనం ఎక్కించేసి ఉంటుంది. ఒక అడుగు ముందే ఆగమనాలని డీబగ్గర్‌కు నేర్పాను. తప్పు దొరికింది, మిషన్ దోసె దోరగా వచ్చింది.

"రుచి చూడు!" అన్నారావిడ.

రెండు తినాలనుంది. ఒకటి పడగానే చాలన్నాను.