కత్తెర బొమ్మ

"మెనూలో లేదా? అయితే మీ కళ్ళజోడు డబ్బాలో వెతకండి మాస్టారూ, అక్కడుందేమో!"

అంత మాట అనేసి తనే పకపకా నవ్వాడు పాస్‌వర్డ్. ఆ బట్టలు కుట్టే కంపెనీలో కంప్యూటర్లు చూసేది అతనే. ఏమడిగినా గుట్టు విప్పడని మిషన్ల మీద పనిచేసే ఆడవాళ్ళు పెట్టిన పేరది.

కటింగ్ మాస్టరు నవ్వలేదు. తెర మీద మెనూని పైనుంచి కిందికి మరోసారి చూశాడు. లెక్కల ప్రోగ్రాం ఉంది, ఉత్తరాల ప్రోగ్రాం ఉంది, ఎవరూ ఆడని పేకాట కూడా ఉంది. తను బయట క్లాసుకెళ్ళి నేర్చుకున్న, బట్టల కొలతలు గీసే ప్రోగ్రాం మాత్రం లేదు.

"మిగతావన్నీ ఉన్నాయి కదా బాబూ, ఇదొక్కటీ ఎందుకు లేదు?"

"అవి ఈ కంప్యూటర్ని నడిపే లినక్స్‌తో పాటే వచ్చినవి. ఇది నేను నెట్‌లోంచి దింపి ఫోల్డర్లో విప్పి పెట్టింది. ఇలాంటివి మెనూలోకి రావు. నల్ల తెర తెరిచి కమాండ్ కొట్టాల్సిందే. బుర్ర ఉన్నవాళ్ళ పని లెండి!"

చెప్పేవాడికి వినేవాడు లోకువ. వాటంతటవి రావన్న మాట నిజమే. కానీ ఆరు లైన్ల చిన్న ఫైలు రాసిపెడితే చక్కగా వస్తాయి. ఆ సంగతి పాస్‌వర్డ్‌కి తెలుసు. తెలిసే దాచాడు. నాలుగింటికి కంపెనీ యజమానురాలు, మేడం వస్తుంది. ఆస్పత్రికి కుట్టే తెల్లకోట్ల ఆర్డరుకి కాగితం మీద గీతలు ఇక కుదరవని, మాస్టరు తన ఎదురుగా ప్రోగ్రాం తెరిచి కాలరు గీసి చూపించాలని, చేతకాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటానని ఆవిడ తేల్చి చెప్పింది. ఆ ఇంకొకరెవరో పాస్‌వర్డ్ ఎప్పుడో నిర్ణయించేశాడు. "మా తమ్ముడి ఉద్యోగం ఏమైంది?" అంటూ ఇంట్లో పెళ్ళాం చెవిలో జోరీగలా రొద పెడుతోంది మరి. ఆ బామ్మర్ది అప్పటికే తల నున్నగా దువ్వుకుని, గుమ్మం పక్క బల్ల మీద తయారుగా కూర్చున్నాడు.

నాలుగయ్యేసరికి మేడం రానే వచ్చింది. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

"తెరవండి మాస్టారూ."

మాస్టరు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, పాస్‌వర్డ్ చెప్పగా రాసుకున్న కమాండ్‌ని ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టాడు. అలాంటిదేమీ లేదంది కంప్యూటరు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ లేదంది. లినక్స్‌కి ఇంగ్లీషు పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు. అందులో ఒకటి పెద్దదని ఆ పెద్దమనిషి చెబితే కదా! ముప్పై ఏళ్ళుగా కత్తెర పట్టిన మనిషి, ఒక్కో అక్షరాన్నీ పుస్తకంతో సరిచూసుకుంటూ మూడోసారి కొట్టాడు. చూస్తున్న అందరికీ జాలేసింది, ఒక్క పాస్‌వర్డ్‌కి తప్ప.

"చూశారా మేడం? తెరవడానికే ఇంత తంటా, ఇక కాలరు గీసినట్టే! మా వాడైతే చిటికెలో తెరుస్తాడు."

"అయితే రమ్మనండి."

బామ్మర్ది వచ్చి కూర్చున్నాడు. నల్ల తెర జోలికే పోలేదు. ఖాళీ ఫైలొకటి తెరిచి, ప్రోగ్రాం పేరేమిటో, అది ఎక్కడుందో, దానికి ఏ బొమ్మ పెట్టాలో టకటకా రాయడం మొదలుపెట్టాడు. పాస్‌వర్డ్ దగ్గాడు. గుడ్లురిమాడు. లాభం లేకపోయింది.

"ఒరేయ్, అదంతా ఎందుకురా? కమాండ్ కొట్టు, చాలు!"

"ఒక్క నిమిషం బావా."

ఫైలు భద్రం చేసి మెనూ నొక్కాడు. ఉత్తరాల ప్రోగ్రాం కింద కత్తెర బొమ్మ వచ్చి కూర్చుంది.

"ఇక దీన్ని నొక్కితే చాలు మేడం, ఎవరైనా తెరవొచ్చు."

"ఇలాంటివి మెనూలోకి రావన్నాడే!" అన్నాడు మాస్టరు, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా.

"ఎందుకు రావండీ? మొన్న ఇంట్లో నేర్పింది బావే కదా!"

వారం రోజులు కూర్చోబెట్టి బామ్మర్దికి అన్నీ నేర్పాడు మహానుభావుడు, ఎక్కడ నోరు మూసుకోవాలో తప్ప. మేడం అతని వైపు ఒక్క చూపు చూసి బామ్మర్ది వైపు తిరిగింది.

"ఏదీ, కాలరు గీయి బాబూ."

"కాలరా? అది నాకు రాదండీ. తెరిస్తే చాలన్నాడు బావ."

మిషన్ల దగ్గర కిసుక్కున నవ్వులు. మాస్టరు కుర్చీ లాక్కుని కత్తెర బొమ్మ నొక్కాడు. ప్రోగ్రాం తెరుచుకుంది. మౌస్ మొదట కాస్త తడబడినా, ఆ తర్వాత గుడ్డ మీద సుద్దముక్కలాగే సాగింది. అయిదు నిమిషాల్లో కాలరు తయారు, కుట్టుకి వదలాల్సిన అంచుతో సహా.

"ఈ పని మీదే మాస్టారూ," అంది మేడం.

ఇంకొకరైతే తల దించుకుని అవతలికి పోయేవారు. పాస్‌వర్డ్‌కి ఇంట్లో జోరీగ గుర్తొచ్చింది.

"మేడం, మావాడు కూడా చురుకైనవాడే. ఎక్కడో ఓ చోట సర్దితే..."

"సర్దేశాను. రేపట్నుంచి రమ్మనండి."

పాస్‌వర్డ్ ముఖం చేటంతయింది. సిగ్గూ ఎగ్గూ లేకుండా రెండు చేతులూ జోడించాడు.

"చాలా సంతోషం మేడం! ఏ కుర్చీలో కూర్చోమంటారు?"

"మీ కుర్చీలో."